బందెలదొడ్డి ఖాళీ అని రాశాను

నాకు నోరు ఎక్కువ, ఓపిక తక్కువ. మా ఇంట్లో అందరూ ఈ మాట నా ముందే అంటారు. బడిలో పిల్లలు నా వెనకాల అంటారు. అందుకే ముందే ఒప్పేసుకుంటున్నాను. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో తప్పు నాదే, దాన్ని ఇంకెవరి మీదికీ తొయ్యను.

చిత్తూరులో ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. పాతికేళ్ళుగా పిల్లలకు మ్యాపులు చూపిస్తూ బతికినదాన్ని. అలాంటిది ప్రభుత్వ ఆస్తులన్నీ ఒకే మ్యాపులో పెట్టి, ఎవరైనా చూసుకోవచ్చని ఫోన్లలోకి వదిలితే ఊరుకుంటానా? వేలితో జరుపుతూ పోతే ఊళ్ళకు ఊళ్ళు అరచేతిలోకి వచ్చేస్తాయి. జనం భూములు తెల్లగా, ప్రభుత్వానివి పసుపు రంగులో ఉంటాయి. పసుపు ముక్క మీద నొక్కితే సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, రికార్డులో దాని పేరేమిటి, అన్నీ బయటపడతాయి. వంక, బాట, కళ్ళం, శ్మశానం, పశువులను నిలిపే మందబయలు. ఓ పక్క కూర పొయ్యి మీద మాడుతుంటే నేను పసుపు ముక్కలు నొక్కుకుంటూ కూర్చునేదాన్ని.

అడుగున ఒక గడి ఉంటుంది, 'ప్రస్తుత స్థితి' అని. ఎవరైనా ఆ స్థలానికి పోయి ఫోటో తీసి, అది ఖాళీగా ఉందో, ప్రభుత్వ వాడకంలో ఉందో, ఆక్రమణలో ఉందో గుర్తు పెట్టవచ్చు. ఆఫీసువాళ్ళు సరే అనుకుంటే ఖాయం చేస్తారు. మా వీధి చివర ఒక సందును ఎవరో గోడ కట్టి మూసేస్తే, అది పసుపు ముక్కేనని చూపించి గోడ తీయించింది నేనే. ఆ రోజుతో నాకు కొమ్ములు మొలిచాయి. ఇంకొన్ని పెట్టాక నా పేరు పక్కన చిన్న నక్షత్రం వచ్చింది. యాభై ఏళ్ళ మనిషిని, ఆ నక్షత్రం చూసుకొని మురిసిపోయానంటే నమ్మండి. "కరణం పనికి అర్జీ పెట్టినావా ఏంది?" అని మా ఆయన ఎగతాళి చేశాడు. పెడితే తప్పేంటని ఎదురు తిరిగాను.

వేసవి సెలవులు. ఒక గురువారం స్కూటీ వేసుకొని పాకాల వైపు పోయాను. పాకాల దాటాక రైలు పట్టాల పక్కగా పోయే రోడ్డు మీద ఒక చిన్న ఊరుంది. దాని పేరు చెప్పను, ఇప్పటికే నావల్ల దానికి జరిగింది చాలు. మ్యాపులో ఆ రోడ్డు పక్కన తొమ్మిది సెంట్ల పసుపు ముక్క కనబడింది. పేరు బందెలదొడ్డి. ఈ కాలం పిల్లలకు తెలియదు గానీ, పరాయివాళ్ళ చేలో పడి మేసిన పశువును తోలుకొచ్చి కట్టేసే దొడ్డి అది. పశువు గలవాడు జరిమానా కట్టి విడిపించుకుపోవాలి. నా చిన్నప్పుడే అవి ఒక్కొక్కటీ మూతబడ్డాయి. అలాంటిది ఇంకా రికార్డులో ఉందంటే చూడకుండా ఎలా వదిలిపెడతాను?

నడుమెత్తు రాతి గోడ చుట్టూ ఉంది. లోపల ఒక మూల పెంకుల గది. గోడకు దారి వదిలిన చోట ముళ్ళకంప అడ్డంగా లాగి ఉంది. గది తలుపుకు బీగం. గుమ్మానికి కట్టిన వేపమండలు వాడిపోయి ఆకు రాలుతోంది. వాకిట్లో ముగ్గు లేదు, గాలికి కొట్టుకొచ్చిన చెత్త మాత్రం ఉంది. కరెంటు మీటరు గోడకు కనబడింది, పాతదేమోలే అనుకున్నాను. ఎండకు రోడ్డు మీద నరమానవుడు లేడు. అయితే పక్కింట్లో కుట్టుమిషను చప్పుడు వినబడుతూనే ఉంది. ఒక్క కేక వేసి ఇక్కడ ఎవరుంటారని అడిగితే సరిపోయేది. అడగలేదు. టీచరుకు చెప్పే అలవాటే గానీ అడిగే అలవాటు ఎక్కడిది?

గోడ మీద నుంచి నాలుగు ఫోటోలు తీశాను. 'ఖాళీ' అని నొక్కాను. అంతటితో ఆగినా బాగుండేది. కింద రాసే చోట 'ఏళ్ళ తరబడి ఎవరూ ఉండటం లేదు' అని నా సొంత తెలివి కూడా కలిపాను. ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

శుక్రవారం ఫోన్‌కు కబురొచ్చింది. 'మీ సమాచారం ధ్రువీకరించాం. ధన్యవాదాలు.' పసుపు ముక్క ఆకుపచ్చగా మారింది. అంటే ఖాళీ స్థలం, దేనికైనా వాడుకోవచ్చు అని. మా ఆయనకు చూపించి మరీ గొప్పలు పోయాను.

శనివారం పొద్దున కాఫీ తాగుతూ మళ్ళీ అదే తెరిచాను. నా ఫోటో కింద ఎవరో రాశారు. 'అది మా పక్కింటి పెద్దమ్మ ఇల్లు. ఊరికి పోయినాది. ఎవురు పెట్టినారు ఈ ఫోటో? కండ్లు లేవా?' దాని కింద ఆఫీసువాళ్ళ మాట ఉంది. పాలు చల్లబరిచే కేంద్రం కట్టడానికి ఈ స్థలం పరిశీలిస్తున్నారట. తనిఖీ మంగళవారం ఉదయం పదకొండు గంటలకట.

కాఫీ గ్లాసు అక్కడే పెట్టి స్కూటీ తాళం తీసుకున్నాను.

ఆ మాట రాసింది కుట్టుమిషనామె. నలభై ఏళ్ళుంటాయి, మెడలో టేపు వేలాడుతోంది. నేనెవరో చెప్పగానే మిషను ఆపి లేచి నిలబడింది.

"నువ్వేనా మేడమ్మా? ఆ పొద్దు ఈడ నిలబడి ఫోటో తీసింది నువ్వేనా?"

"నేనేనమ్మా. తప్పయిపోయింది."

"తప్పయిపోయిందంటే అయిపోతాదా? నేను ఈడనే మిషన్ తొక్కతా ఉండా. ఒమ్మే, ఈ ఇంట్లో ఎవురుండారు అని ఒక్క మాట అడగను నీకు నోరు రాలేదా? రోంత సదువుకున్నదానివే గదా!"

నాతో అలా మాట్లాడినవాళ్ళను నేను ఊరికే వదిలిపెట్టను. ఆ రోజు తల వంచుకొని విన్నాను. ఆమె తిట్టడం అయ్యాక చెప్పింది. పెద్దమ్మ భర్త ఆ దొడ్డికి కాపలావాడు. గది పంచాయతీవాళ్ళే ఇచ్చారు. దొడ్డి మూతబడింది, తరవాత ఆయనా పోయాడు, పెద్దమ్మ అక్కడే ఉండిపోయింది. చింతపండు కొట్టి గింజలు తీసే పనికి పోతుంది. పిల్లలు లేరు. రేషను కార్డు, కరెంటు బిల్లు ఆ గది పేరునే ఉన్నాయి. పట్టా ఒక్కటి లేదు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెను అడగలేదు, ఆమె కూడా ఎవరినీ అడగలేదు.

"ఇప్పుడు యాడ ఉండాది?" అన్నాను. నాకు తెలియకుండానే మా అమ్మ భాష వచ్చేసింది.

"నగరి పక్కన వాళ్ళ పుట్టిన ఊర్లో గంగజాతర. పోయిన మంగళారమే సాటింపు పడిపాయ. ఈ తూరి అమ్మోరికి అంబలి కుండ ఎత్తే వంతు వాళ్ళ ఇంటిది. బుధవారం తెల్లారి అమ్మోర్ని సాగనంపినాకనే వచ్చేది."

ఆమె గడప మీదే కూర్చున్నాను. నేను తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని. చాటింపు అంటే ఏమిటో నాకొకరు చెప్పాలా? డప్పు కొట్టి జాతర చాటారంటే ఊరివాళ్ళెవరూ పొలిమేర దాటకూడదు, జాతర ముగిసేదాకా అంతే. మా అమ్మ చాటింపు పడ్డాక నన్ను రేణిగుంట దాకా కూడా పోనిచ్చేది కాదు. ఒక ఏడు కాలేజీ సీటు కోసం మద్రాసు పోవాల్సి వస్తే తలుపుకు అడ్డంగా కూర్చుంది, ఆ సీటు పోయింది. జాతరల నెలలో గుమ్మానికి వేపమండలు కట్టి, దారికి కంప లాగి, ఇంటికి బీగం వేసి ఉంటే ఆ మనిషి ఎక్కడికి పోయి ఉంటుందో ఈ సీమలో చిన్నపిల్ల చెబుతుంది. నేను ఎండిన ఆకులు చూసి పాడుబడిన కొంప అనుకున్నాను.

"ఫోను లేదా ఆమెకు?"

"ఉండాది. సూడు." కుట్టుమిషనామె తన ఫోను తీసి నొక్కింది. గోడ అవతల, బీగం వేసిన గదిలో ఫోను మోగింది. అది మోగి మోగి ఆగిపోయింది.

"నువ్వు మంగళవారం వాళ్ళొస్తే చెప్పమ్మా, ఆమె ఇక్కడే ఉంటుందని."

"నేను జెప్తే ఎవురు ఇంటారు? నా రేకులు గూడా ఆ గోడకే ఆనించి ఉండాయి. నీ స్వార్థానికి చెప్తాండావు అంటారు."

శనివారం, ఆదివారం ఫోను పట్టుకొని పీకులాడాను. 'ధ్రువీకరించిన సమాచారాన్ని మార్చడం వీలుకాదు.' కొత్తగా పెడదామంటే 'ఈ స్థలానికి మీరు ఇప్పటికే సమాచారం ఇచ్చారు.' నేనిచ్చిన అబద్ధానికి అది నాకంటే గట్టిగా కాపలా కాసింది. మా ఆయన ఎగతాళి మానేసి, నా పక్కన కూర్చొని అర్జీ రాశాడు. అడుసు తొక్కనేల కాలు కడుగనేల అని ఒక్కసారి గొణిగాడు గానీ, నా ముఖం చూసి అంతటితో ఊరుకున్నాడు.

జిల్లాలు విడదీశాక పాకాల వైపు ఊళ్ళు తిరుపతి కిందికి పోయాయి. సోమవారం తొలి బస్సుకే తిరుపతి చేరి, అర్జీలు తీసుకునే చోట వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. గుమాస్తా మర్యాదస్తుడే. ఫోటో తెరిచి చూశాడు.

"మేడమ్, మీ ఫోటోలు శానా బాగుంటాయి. అన్ని పక్కలా తీస్తారు. కండ్లు మూసుకొని ఖాయం చేసేయొచ్చు."

"అదే చేశారు. ఇప్పుడు అది తప్పు అంటున్నాను. ఆ గదిలో మనిషి ఉంది."

"మీరే ఖాళీ అంటిరి. మీరే కాదంటా ఉండారు. నేను యాది నమ్మాల?"

నా వృత్తిలో నేను పిల్లలను అడిగే ప్రశ్న అది. ఒక్క రోజు తనిఖీ వాయిదా వెయ్యమన్నాను. ఆమె వచ్చి సంతకం పెట్టి అడిగితే వేస్తామన్నాడు. ఆమె రాలేదు కాబట్టే వాయిదా అడుగుతున్నానని గొంతు పెంచాను. వెనకాల నిలబడ్డవాళ్ళు నన్ను చూశారు. ఆయన మాత్రం గొంతు పెంచలేదు.

"అరస్తే ఏం లాభం మేడమ్? రేపు ఆర్‌ఐ సారూ, సర్వేయరూ పోతారు. ఆడ కాపురం ఉంటే ఉండాదని రాస్తారు. కాపురమనేది కంటికి కనబడాల. బీగం ఏసిన గది చూసి కాపురం అని ఎట్ల రాస్తారు? ఖాళీ అని తేలితే మాపటికంతా బోర్డు పాతేస్తారు, ఎల్లుండి జేసీబీ వస్తాది. ఆ గది ఎటూ నిలబడదు."

అక్కడి నుంచే నగరి బస్సెక్కాను. పుత్తూరు దగ్గర లారీ అడ్డం పడి బస్సు ముప్పావు గంట ఆగింది. నిమిషానికొకసారి టైము చూసుకుంటుంటే పక్కనున్నామె "ఆస్పత్రికా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను. అంతకంటే ఏం చెప్పను? నగరిలో దిగి మగ్గాల చప్పుడు మధ్య షేరాటో పట్టుకున్నాను. ఊరి ముందర, రోడ్డుకు అడ్డంగా కట్టిన వేపాకు తోరణం కిందే ఆటో ఆపేశాడు.

"లోపలికి నేను రాను మేడమ్. మీరు గూడా పొద్దు వాలేలోగా బయటికి వచ్చేయండి. సాటింపు పడినాక రాత్రికి పరాయోళ్ళు ఉండకూడదు."

అప్పటికి నాలుగున్నర.

అడుగుతూ పోతే, పచ్చాకు పందిరి కింద పెద్దమ్మ రాగిపిండి జల్లిస్తూ కనబడింది. సన్నటి మనిషి, నెరిసిన ముడి, పసుపులో ముంచిన కోక. చింతపండు పనికి నల్లబడిన వేళ్ళు. ఆమె ముందు కూర్చొని మొత్తం చెప్పాను. మ్యాపు, ఫోటో, ఖాళీ, రేపు పదకొండు గంటలు. ఆమె జల్లెడ ఆపలేదు.

"మా ఇంటి కాడికి వచ్చినావా?"

"వచ్చాను పెద్దమ్మా."

"తలుపు తట్టినావా?"

"లేదు."

"పక్కన అడిగినావా?"

"లేదు."

"మరి ఖాళీ అని నీకు ఎట్ల తెలిసె?"

"ఇప్పుడు నాతో బయలుదేరండి, రాత్రికల్లా ఇల్లు చేరతారు. తనిఖీ అయ్యాక మళ్ళీ తీసుకొచ్చి దింపుతాను" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు నా పాడు నోరు ఆగలేదు. "ఇల్లు పోతే మీ అమ్మోరు వచ్చి కట్టిస్తుందా?" అనేశాను. పందిరి కింద ఆడవాళ్ళంతా పని ఆపి నా వైపు తిరిగారు. నన్ను తోరణం అవతలికి తోస్తారనే అనుకున్నాను.

పెద్దమ్మ జల్లెడ కింద పెట్టింది. "ఇల్లు పోతే నాకు భయం లేదనుకున్నావా తల్లీ? నీకంటే నాకు ఎక్కువ భయం. ఆ గది దప్ప నాకు వేరే చోటు లేదు. మా తమ్ముడి ఇంట్లో నాలుగు దినాలు ఉంటే కూడు పెడతారు, అయిదో దినం మొగం చూస్తారు. అయినా గూడా నేను రాలేను. అంబలి కుండ నడిమధ్యన దించేసి పోయింది అనే మాట పడి ఈ ఊరికి మళ్ళీ నేను రాగలనా?"

ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది. పరాయి ఊళ్ళో, పొద్దు వాలుతున్న వేళ, ముక్కు చీదుకుంటూ కూర్చున్నాను. ఆమె నన్ను ఓదార్చలేదు. కాసేపటికి నడుముకు దోపిన వక్కాకు సంచి తీసి, దాంట్లోంచి బీగంచెవి బయటికి లాగింది.

"కాపురం కంటికి కనబడాల అన్నాడు గదా వాడు? పొద్దున్నే పో. కంప తీసి, వాకిలి జిమ్మి, నీళ్ళు జల్లి ముగ్గు ఎయ్యి. కట్టెలు ఎడమ పక్క ఉండాయి. పొయ్యి ముట్టించు. ఖాళీ అన్నది నువ్వు గాబట్టి ముట్టించాల్సింది గూడా నువ్వే. ఇంక లెయ్యి, పొద్దు పోతా ఉండాది."

మంగళవారం ఏడు గంటలకే బందెలదొడ్డి ముందున్నాను. కంప లాగుతుంటే అరచెయ్యి చీరుకుపోయింది. బీగం తీసి లోపల కాలు పెట్టాను. నులకమంచం, దుప్పటి మడిచి పెట్టి ఉంది. గోనెపట్ట కప్పిన చింతపండు గంప. గూట్లో చార్జింగుకు పెట్టిన ఫోను. మంచం కింద ఒక రేకు పెట్టె. అందులో ఏదైనా పాత కాగితం ఉంటే పనికొస్తుందని చెయ్యి దాని మీదికి పోయింది. ఆగిపోయాను. అడక్కుండా చెయ్యి పెట్టడం నాకు ఇక చాలు.

వాకిలి ఊడ్చాను, ముగ్గు వంకరగా పడింది. పొయ్యి మాత్రం అంటుకోలేదు. గ్యాసు మీద వండుకునేదాన్ని, కట్టెల పొయ్యి ముట్టించి ముప్పై ఏళ్ళు దాటింది. అగ్గిపుల్లలు ఒక్కొక్కటే అయిపోతున్నాయి. ఊది ఊది కళ్ళు ఎర్రబడ్డాయి, గదంతా పొగ, మంట మాత్రం లేదు. పది దాటింది. ఇంత చదువు చదివి ఒక పొయ్యి ముట్టించలేక ఒక ఆడమనిషి ఇల్లు పోగొడతానా అని ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కుట్టుమిషనామె గుమ్మంలోకి వచ్చి చూసింది.

"అయ్యో నీ అగసాట్లు! లావు కట్టె కింద పెడితే యాడన్నా అంటుకుంటాదా?" అంటూ కొబ్బరి పీచు తెచ్చి ఇచ్చింది. తాను మాత్రం ముట్టించలేదు. "పెద్దమ్మ నిన్ను గదా ముట్టించమనింది. కానియ్, ఊదు" అని పక్కన కూర్చుంది. పదీ ముప్పావుకు మంట లేచింది. ఎసరు పెట్టాను.

పదకొండూ పదికి జీపు ఆగింది. ముగ్గురు దిగారు, ఆర్‌ఐ, సర్వేయరు, మూడు ఊళ్ళకు కలిపి ఈ మధ్యే వచ్చిన వీఆర్వో. ఆర్‌ఐ ముగ్గు తొక్కకుండా దాటాడు. అది చూసి కాస్త ధైర్యం వచ్చింది.

"ఇక్కడ ఉండేది మీరేనా అమ్మా?"

"కాదు సార్. ఒక పెద్దమ్మ ఉంటుంది. జాతరకు పోయింది, రేపు వస్తుంది."

సర్వేయరు చేతిలోని ట్యాబ్‌లో ఏదో చూసి ఆయన చెవిలో చెప్పాడు. ఆర్‌ఐ నన్ను ఎగాదిగా చూశాడు. "గురువారం ఖాళీ అని ఫోటోలు పెట్టింది మీరే. మంగళవారం పొద్దుటికి పొయ్యిలో మంట. ఇది మా కోసం ముట్టించినారా మేడమ్?"

అబద్ధం నోటి చివర దాకా వచ్చింది. పెద్దమ్మ తెల్లవారుజామునే ముట్టించి బజారుకు పోయిందని చెబితే ఎవరు కాదంటారు? కానీ ఈ ఇంటి మీద ఒక అబద్ధం అప్పటికే నేను చెప్పి ఉన్నాను.

"అవును సార్, మీ కోసమే ముట్టించాను. ఆమె బీగంచెవి ఇచ్చి పంపింది. గురువారం ఎవరినీ అడక్కుండా గోడవతల నుంచి చూసి ఖాళీ అని రాశాను. అది అబద్ధం. ఏళ్ళ తరబడి అని రాసింది ఇంకా పెద్ద అబద్ధం."

ఆయనను దగ్గరికి పిలిచి పొయ్యి వెనక గోడను చూపించాను. "ఈ మంట నాది. ఆ మసి నాది కాదు సార్. వాసాల దాకా ఎలా పట్టిందో చూడండి. ఒక పూటలో పట్టేదేనా అది?"

ఆర్‌ఐ గోడ మీద వేలితో రుద్దాడు. వేలు నల్లగా వచ్చింది. తల ఎత్తి వాసాలు చూశాడు, గూట్లో ఫోను చూశాడు, బయటికి పోయి మీటరు తిరుగుతుందో లేదో చూశాడు. "ఖాళీ అని నేను రాయలేనప్పా. ఈడ మనిషి ఉండాది" అన్నాడు సర్వేయరుతో.

కుట్టుమిషనామె నా భుజం గట్టిగా పట్టుకుంది. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. అయితే ఆయన చెప్పడం అంతటితో అయిపోలేదు.

"ఇందులో మూడే గడులు ఉన్నాయి మేడమ్. ఖాళీ, ప్రభుత్వ వాడకం, ఆక్రమణ. ఖాళీ కాదు, వాడకం కాదు. ఇంక మిగిలింది మీకే తెలుసు గదా."

"నివాసం అని రాయండి సార్. పంచాయతీనే ఇచ్చింది ఆమె భర్తకు."

"ఇచ్చినట్టు కాగితం ఉంటే విచారణలో చూపించుకోమనండి. నేను కాగితం లేనిది రాయలేను. ఈ గడి నింపకపోతే పాతదే ఉండిపోతాది. మీరు పెట్టిన ఖాళీ."

పంచనామా కాగితం నా ముందు పెట్టాడు. సాక్షి సంతకం చేసే చోట వేలితో చూపించాడు. ఖాళీ అంటే రేపటికి ఈ గోడలు ఉండవు. ఆక్రమణ అంటే ఉంటాయి, కానీ ఆమె పేరు మీద నోటీసు వస్తుంది. ఆమెను అడగాలంటే ఫోను ఇక్కడ గూట్లో ఉంది, ఆమె పొలిమేర లోపల ఉంది. చీరుకుపోయిన చేత్తోనే సంతకం పెట్టాను. వాళ్ళు జీపెక్కేలోపే నా ఫోన్‌లో ఆకుపచ్చ ముక్క ఎర్రగా మారింది.

బుధవారం పన్నెండు గంటల బస్సుకు పెద్దమ్మ దిగింది. నుదుట పసుపు ఎండిపోయి ఉంది, చేతిలో అంబలి సత్తుగిన్నె. గోడలు అలాగే ఉండటం చూసి రోడ్డు మీదే నిలబడి దణ్ణం పెట్టుకుంది. నా వైపు చూసి నవ్వింది కూడా. అప్పుడే చెప్పి ఉండాల్సింది. అంబలి పోసి ఇచ్చి, నేను తాగేదాకా చూసి, "ఏం రాసుకొని పోయినారు?" అని అడిగింది.

ఫోన్‌లో చూపించాను. ఎర్ర ముక్క మీద ఆమె వేలు పెట్టింది.

"ఇది మా ఇల్లా?"

"మీ ఇల్లే పెద్దమ్మా."

"ఎర్రగా ఎందుకుండాది?"

"ఆక్రమణ అని. అంటే... ప్రభుత్వ స్థలంలో మీరు ఉన్నారని."

"అది నాకు తెలుసు. ఊరికి తెలుసు. గది ఇచ్చిన సర్కారుకు తెలియదా? మొన్నటిదాకా అందురికీ తెలిసి, ఎవురూ ఏమీ అనకుండా బతికితిని." వేలు తీసేసింది. "ఇంక ఎవురికి తెలియాలని రాసినావు తల్లీ?"

ఆమె చెయ్యి చాపింది, బీగంచెవి ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను.

నోటీసు పదో రోజున వచ్చింది. జవాబు నేను రాశాను, ఆమె సంతకం పెట్టింది. రేకు పెట్టెలో పనికొచ్చే కాగితం ఏదీ దొరకలేదు. విచారణ ఇంకా నడుస్తోంది. తిరుపతికి రమ్మన్నప్పుడల్లా ఆమే పోవాలి, ఆమె పోయిన రోజు ఇల్లు బీగం వేసి కనబడకూడదు. వీఆర్వో ఎప్పుడు వచ్చి చూస్తాడో తెలియదు. అందుకని ఆ రోజు బడికి సెలవు పెట్టి నేను పోతాను. పొయ్యి ముట్టించడం ఇప్పుడు బాగానే వచ్చింది. బీగంచెవి మాత్రం పెద్దమ్మ మళ్ళీ నా చేతికి ఇవ్వలేదు. నేను వచ్చేదాకా గుమ్మంలో కాచుకొని ఉంటుంది. నన్ను లోపల కూర్చోబెట్టి, తలుపు బార్లా తెరిచి, తాను వచ్చేదాకా మూయవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పి బస్సెక్కుతుంది.